ఇంట్లో సర్వీస్ చేసుకున్నాక ఇంజిన్‌లో కొత్త సౌండ్: తరచుగా అడిగే ప్రశ్నలు

శ్రీకాకుళం, విజయనగరం వైపు సొంత కారుకి ఇంటి దగ్గరే ఆయిల్, ఫిల్టర్లు, ప్లగ్గులు మార్చుకునే వాళ్లు చాలామందే ఉన్నారు. ఆదివారం పొద్దున్న పెరట్లో రెండు గంటలు కూర్చుంటే పని అయిపోతుంది. తీరా అంతా బిగించి స్టార్ట్ చేస్తే ఇంతకు ముందు లేని సౌండ్ ఏదో వినిపిస్తుంది, ఇక అక్కడి నుంచి టెన్షన్. నేను మెకానిక్‌ని కాదు, కానీ చాలా ఏళ్లుగా నా కారు పనులు నేనే చేసుకుంటున్నాను. చుట్టాలు, స్నేహితులు ఫోన్ చేసి మళ్లీ మళ్లీ అడిగేవన్నీ ఒక చోట ఉంటే మంచిదని ఇది రాస్తున్నాను.

నేను పని చేసిన తర్వాతే సౌండ్ మొదలైంది. ఇంజిన్ పాడైపోయినట్టేనా?

చాలాసార్లు కాదు. ఆయిల్ మార్చినందుకు బేరింగ్ అరిగిపోదు, ఫిల్టర్ మార్చినందుకు పిస్టన్ విరగదు. పని అయిన వెంటనే వచ్చిన సౌండ్ అంటే మీ చెయ్యి పడిన చోట ఏదో ఒకటి వదులుగా ఉండిపోయిందనో, సరిగ్గా కూర్చోలేదనో, పెట్టడం మర్చిపోయారనో ముందు అనుకోవాలి. అందుకే బానెట్ ఎత్తి ఇంజిన్ అంతా వెతకొద్దు. ఒక కాగితం తీసుకుని మీరు ముట్టుకున్నవన్నీ ముట్టుకున్న వరసలోనే రాయండి, ఏ బోల్టు విప్పారు, ఏ పైపు పక్కకి లాగారు, ఏ కనెక్టర్ ఊడదీశారు, చెయ్యి దూర్చడానికి అడ్డం ఉందని ఏం జరిపారు, చివరి దాకా. అడ్డం ఉందని జరిపిన వాటిలోనే తప్పు ఎక్కువగా దొరుకుతుంది, ఎందుకంటే వాటిని మనం పనిలో భాగంగా లెక్కపెట్టం.

విజయనగరంలో నాకు తెలిసిన పాత మెకానిక్ ఒకాయన ఉన్నారు, ఎవరు సౌండ్ అని కారు తెచ్చినా ముందు బానెట్ ఎత్తరు. "ఏటి ఇప్పినావు బాబూ, ఏటి బిగించినావు, ముందు అది సెప్పు" అంటారు. ఆ ఒక్క ప్రశ్నకి నిజంగా జవాబు చెప్పుకుంటే సగం కేసులు ఇంటి దగ్గరే తేలిపోతాయి.

ఏ సౌండ్ వస్తే వెంటనే ఇంజిన్ ఆపేయాలి?

ఇది అన్నిటికంటే ముఖ్యమైన ప్రశ్న, దీన్ని దాటేసి కిందకి వెళ్లొద్దు.

మొదటిది, మీటర్ బోర్డు మీద ఎర్రటి ఆయిల్ దీపం, అదే చిన్న నూనె డబ్బా బొమ్మ. ఆయిల్ ఫిల్టర్ మార్చాక మొదటిసారి స్టార్ట్ చేసినప్పుడు ఖాళీ ఫిల్టర్ నిండడానికి రెండు మూడు సెకన్లు పడుతుంది, అంతసేపు దీపం వెలిగి ఉండడం, కాస్త గలగల వినిపించడం మామూలే. ఐదు సెకన్లు దాటినా దీపం ఆరకపోతే తాళం తిప్పేయండి, ఇంకొంచెం రేజ్ చేసి చూద్దాం అనుకోవద్దు. ఆ దీపం ఆయిల్ ఎంత ఉందో చెప్పేది కాదు, ఆయిల్ ప్రెషర్ లేదని చెప్పేది. ప్రెషర్ లేకుండా ఇంజిన్ తిరిగితే క్రాంకు (పిస్టన్ల తోపుకి కింద తిరిగే ఇరుసు) బేరింగుల్లో లోహం లోహానికి రాసుకుంటుంది, నిమిషాల్లోనే పనికిరాకుండా పోతుంది.

రెండోది, లోపల లోతు నుంచి వచ్చే ధబ్ ధబ్. రోకలితో దంచినట్టు బరువుగా ఉంటుంది, రేజ్ చేస్తే వేగం, గట్టితనం రెండూ పెరుగుతాయి. అది పిస్టన్‌ని క్రాంకుకి కలిపే కనెక్టింగ్ రాడ్ బేరింగ్ కావచ్చు. దాన్ని నడుపుకుంటూ షెడ్డుకి తీసుకెళ్లొద్దు, లాగించుకుని వెళ్లండి.

మూడోది, చెక్ ఇంజిన్ లైటు వెలిగి ఉండడం కాదు, టపటపా మెరుస్తూ ఉండడం. అంటే ఏదో సిలిండర్ గట్టిగా మిస్సింగ్ కొడుతోంది, అందులో పెట్రోలు సరిగ్గా మండడం లేదు, ఆ మండని పెట్రోలు సైలెన్సర్‌లోకి వెళ్లి పొగని శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్‌ని కాల్చేస్తుంది. కన్వర్టర్ ఖరీదు ముందు మీరు మిగుల్చుకున్న సర్వీస్ చార్జీ ఏ మూలకీ రాదు.

వేడి ముల్లు ఎరుపులోకి వెళ్లినా, కాలిన వాసన లేదా పచ్చి పెట్రోలు వాసన వచ్చినా అంతే. హైవే మీద ఉంటే పక్కకి తీసి, హజార్డ్ లైట్లు వేసి, మనుషుల్ని రెయిలింగ్ అవతల నిలబెట్టి 1033కి ఫోన్ చేయండి, జాతీయ రహదారుల హెల్ప్‌లైన్ అది. ఇచ్ఛాపురం నుంచి భోగాపురం దాటేదాకా మన దారంతా 16వ నంబరు జాతీయ రహదారే కాబట్టి ఈ నంబరు ఫోన్‌లో పెట్టుకోవడం మంచిది.

సౌండ్ ఎక్కడి నుంచి వస్తోందో ఇంట్లోనే ఎలా పట్టుకోవాలి?

సౌండ్ ఎలా ఉందన్నదాని కంటే ఎప్పుడు వస్తోందన్నది ఎక్కువ పని చేస్తుంది. బండి నిలబెట్టి, గేరు న్యూట్రల్‌లో ఉంచి, హ్యాండ్‌బ్రేక్ లాగి, మెల్లగా రేజ్ చేయండి. దాంతో పాటు సౌండ్ కూడా వేగం పెరిగితే అది ఇంజిన్‌దో, ఇంజిన్‌తో కలిసి తిరిగే వాటిదో. నిలబడి ఉన్నప్పుడు ఎంత రేజ్ చేసినా రాకుండా రోడ్డు మీద స్పీడుతోనే పెరిగితే అది చక్రాలు, బ్రేకులు, ఇంజిన్ కింద ఉండే ప్లాస్టిక్ అట్టల వైపు. ఏసీ వేసి ఆపి చూడండి, తేడా వస్తే కంప్రెసర్ వైపు వెళ్లాలి. క్లచ్ తొక్కినప్పుడు మారితే గేర్‌బాక్స్ వైపు బేరింగులు, మీరు చేసిన ఆయిల్ పనికీ దానికీ సంబంధం ఉండదు. చలి ఇంజిన్‌లో వచ్చి వేడెక్కాక పోతోందా, వేడెక్కాకే మొదలవుతోందా అనేది కూడా రాసుకోండి.

ఇంకో కిటుకు లయ పట్టుకోవడం. ఐడిల్‌లో, అంటే యాక్సిలరేటర్ తొక్కకుండా ఊరికే నడుస్తున్నప్పుడు, 800 ఆర్‌పీఎం (నిమిషానికి 800 చుట్లు) అంటే క్రాంకు సెకనుకి దాదాపు 13 సార్లు తిరుగుతుంది, పైన గాలి, పొగ దారులు తెరిచి మూసే వాల్వులని నడిపే క్యామ్ దానిలో సగం వేగంతోనే తిరుగుతుంది. ఒక వాల్వు దగ్గర వచ్చే టిక్ టిక్ తీరిగ్గా, కుట్టు మిషను నెమ్మదిగా తొక్కినట్టు వినిపిస్తుంది. కింద నుంచి వచ్చేది దానికి రెట్టింపు వేగంతో, బరువుగా ఉంటుంది. నాలుగైదు సార్లు శ్రద్ధగా వింటే చెవికి అలవాటవుతుంది.

ఫోన్‌లో రికార్డ్ చేసి పెట్టుకోండి, బానెట్ ఎత్తి ఒకసారి, కారు లోపల కూర్చుని ఒకసారి. మెకానిక్ దగ్గరకు వెళ్లేసరికి సౌండ్ మాయమవడం చాలామందికి జరిగేదే.

స్క్రూడ్రైవర్ చెవికి పెట్టుకుని వింటారు కదా, అది పని చేస్తుందా?

చేస్తుంది, బాగా చేస్తుంది. పొడవాటి స్క్రూడ్రైవర్ మొనని ఇంజిన్ మీద ఆనించి పిడిని చెవి దగ్గర ఎముకకి తాకించండి, చెవి రంధ్రంలో మాత్రం పెట్టొద్దు. వాల్వ్ కవర్ మీద, ఆల్టర్నేటర్ బాడీ మీద, వాటర్ పంపు దగ్గర, ఇంజెక్టర్ల మీద ఒక్కొక్క చోట పది సెకన్లు వినండి. ఎక్కడ సౌండ్ పదునుగా వినిపిస్తే దాని ఆసుపాసుల్లోనే ఉంది.

అయితే తిరిగే బెల్టు దగ్గర ఈ పని చేస్తున్నారు కాబట్టి లుంగీ, భుజం మీద తువ్వాలు, మెడలో గొలుసు, చేతికి ఉంగరం ఇవేవీ ఉండకూడదు. జుట్టు ముడి వేసుకోవాలి. రేడియేటర్ ఫ్యాన్ కరెంటుది, ఎప్పుడు తిరగడం మొదలుపెడుతుందో చెప్పలేం, కొన్ని కార్లలో ఇంజిన్ ఆపాక కూడా తిరుగుతుంది. మూసిన షెడ్డులో ఇంజిన్ నడపొద్దు, పొగలో ఉండే కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు, తల తిరుగుతోందని తెలిసేలోపే మనిషి పడిపోతాడు. ఉత్త జాకీ మీద నిలబెట్టిన కారు కిందకి దూరడం గురించి వేరే చెప్పక్కర్లేదు, స్టాండ్లు లేకపోతే కిందకి వెళ్లకండి, అంతే.

ఆయిల్ మార్చాక పైన టిక్ టిక్ అని వస్తోంది. ఎందుకు?

ముందు లెవెల్ చూడండి. సమతలంగా ఉన్న చోట కారు పెట్టి, ఇంజిన్ ఆపి పది నిమిషాలు ఆగి, గేజు పుల్ల లాగి తుడిచి మళ్లీ పెట్టి తీసి చూడాలి. మన పెరళ్లు చాలావరకు నీళ్లు పోవడానికి వీధి వైపు వాలుగా ఉంటాయి, అక్కడ చూసిన లెవెల్ తప్పు చెబుతుంది. తక్కువగా ఉంటే పైన వాల్వుల దాకా ఆయిల్ సరిగ్గా అందదు, అదే టిక్ టిక్.

లెవెల్ సరిగ్గా ఉంటే గ్రేడు చూడండి. మాన్యువల్‌లో 0డబ్ల్యూ-20 అని ఉంటే 20డబ్ల్యూ-50 పోసి "మన ఎండలకి చిక్కగా ఉంటే మంచిదిలే" అనుకునే వాళ్లు ఉన్నారు. అది పాత కార్ల నాటి మాట. ఇప్పటి ఇంజిన్లలో ఆయిల్ దారులు, బేరింగుల సందులు పల్చటి ఆయిల్‌కి తగ్గట్టు చేసినవి, చిక్కటిది పోస్తే పొద్దున్న స్టార్ట్ చేసినప్పుడు పైకి ఎక్కడానికి ఆలస్యమవుతుంది. అటు పాతికేళ్ల నాటి ఇంజిన్‌కి మరీ పల్చటిది పోసినా సౌండ్ పెరుగుతుంది. మాన్యువల్‌లో ఏది రాసి ఉంటే అదే.

ఇక ఫిల్టర్. మంచి ఫిల్టర్ లోపల ఒక రబ్బరు వాల్వు ఉంటుంది, ఇంజిన్ ఆపాక ఆయిల్ వెనక్కి కారిపోకుండా పట్టి ఉంచడం దాని పని. నాసిరకం ఫిల్టర్లలో అది పని చేయదు, రాత్రంతా ఆయిల్ కిందకి దిగిపోయి ప్రతి పొద్దున్నా స్టార్ట్ చేయగానే రెండు మూడు సెకన్లు గలగలమంటుంది. రోజూ పొద్దున్నే వచ్చి వెంటనే పోయే సౌండ్ అయితే ముందు ఫిల్టరే మార్చి చూడండి. క్రాంకుతో క్యామ్‌ని తిప్పే టైమింగ్ చైన్ ఉన్న ఇంజిన్లలో చైన్ సాగినా, దాన్ని బిగువుగా ఉంచే టెన్షనర్ బలహీనపడినా అచ్చం ఇలాగే పొద్దున్నే వస్తుంది, కాబట్టి ఫిల్టర్ మార్చినా పోకపోతే అటు చూపించుకోవాలి.

నకిలీ ఆయిల్ గురించి కూడా ఒక మాట. డబ్బా సీలు, అచ్చు చూసి, బిల్లు ఇచ్చే దగ్గరే కొనండి. వంద రూపాయలు తక్కువని సీలు లేని డబ్బా తీసుకోవద్దు.

అసలు జబ్బే కాని టిక్ టిక్ కూడా ఒకటుంది. పెట్రోలు ఇంజెక్టర్లు తెరుచుకుని మూసుకునేటప్పుడు సన్నగా, వేగంగా టిక్కుటిక్కుమంటాయి. అది ఎప్పుడూ ఉండేదే, సర్వీస్ చేసిన రోజు మన చెవులు ఎక్కువ పని చేస్తాయి కాబట్టి ఆ రోజే కొత్తగా వినిపిస్తుంది.

ఫిల్టర్ బిగించడంలో జరిగే పెద్ద తప్పు ఏది?

పాత ఫిల్టర్ రబ్బరు రింగు ఇంజిన్‌కే అతుక్కుని ఉండిపోవడం. మా బావమరిదికి జరిగింది. నరసన్నపేటలో ఇంటి దగ్గరే పాత ఫిల్టర్ తిప్పి తీశాడు, రింగు ఫిల్టర్‌తో రాలేదని చూసుకోలేదు, దాని మీదే కొత్త రింగుతో కొత్త ఫిల్టర్ బిగించాడు. ఇంటి దగ్గర ఐడిల్‌లో ఒక్క చుక్క కారలేదు. పిల్లల్ని ఎక్కించుకుని శ్రీకాకుళం బయలుదేరి హైవే ఎక్కి స్పీడు అందుకున్నాక ప్రెషర్‌కి రెండు రబ్బర్ల మధ్య నుంచి ఆయిల్ చిమ్మింది. మడపాం టోల్‌గేట్ దాటిన కాసేపటికి ఇంజిన్‌లో గరగర, వెంటనే ఎర్ర దీపం. అదృష్టం, అతను ఇంకో కిలోమీటరు చూద్దాం అనుకోలేదు, అక్కడే పక్కకి తీసి ఆపేశాడు. కారు లాగించుకుని వచ్చాం, రింగు తీసి కొత్త ఫిల్టర్ వేసి ఆయిల్ నింపాం, ఇంజిన్ నిలబడింది. ఆ రోజు మా వాళ్ల ముఖాలు నాకు ఇంకా గుర్తున్నాయి, అందుకే ఎవరు ఆయిల్ మారుస్తున్నామన్నా మొదట ఇదే చెబుతాను.

పాత ఫిల్టర్ చేతికి రాగానే దానికి రబ్బరు ఉందో లేదో చూడండి. ఇంజిన్ వైపు శుభ్రంగా గుడ్డతో తుడిచి వేలితో తడమండి. కొత్త రబ్బరుకి కొంచెం కొత్త ఆయిల్ రాసి, రబ్బరు తాకేదాకా చేత్తో తిప్పి, అక్కడి నుంచి ముప్పావు చుట్టు చేత్తోనే బిగిస్తే మామూలుగా చాలు, సరిగ్గా ఎంతో ఫిల్టర్ మీదే రాసి ఉంటుంది. డ్రెయిన్ బోల్టు వాషర్ ప్రతిసారీ కొత్తది వేయండి.

పాత ఆయిల్‌ని దయచేసి కాలవలో, పొలం గట్టున పారబోయొద్దు. డబ్బాలో పట్టి ఆయిల్ మార్చే షెడ్డులో ఇస్తే డ్రమ్ములో పోసుకుంటారు.

ఆయిల్ ఎక్కువ పోసేశాను. అది కూడా సౌండ్ చేస్తుందా?

గట్టిగా ఎక్కువైతే చేస్తుంది. కింద తిరిగే క్రాంకు ఆయిల్‌ని తాకి మజ్జిగ చిలికినట్టు నురగ చేస్తుంది. నురగలో గాలి ఉంటుంది, గాలి ఒత్తిడిని నిలబెట్టలేదు, అందుకని ఆయిల్ ఎక్కువున్నా తక్కువున్నట్టే టకటక వస్తుంది. పై గీత దాటి ఒకటి రెండు మిల్లీమీటర్లయితే కంగారు లేదు. అంతకు మించితే డ్రెయిన్ బోల్టు కొంచెం వదులు చేసి తీయొచ్చు, లేదా పుల్ల గొట్టంలోంచి సన్న ట్యూబు, సిరంజి పెట్టి లాగొచ్చు. రెండోదే నాకు ఇష్టం, చేతులు కాలవు. చాలా కార్లలో కింది గీతకీ పై గీతకీ మధ్య తేడా లీటరు, అంతకు కాస్త తక్కువ ఉంటుంది, దాన్ని బట్టి అంచనా వేసుకోండి.

ఎయిర్ ఫిల్టర్ మార్చాక బుస్సుమని గాలి పీల్చే సౌండ్ వస్తోంది.

పెట్టె మూత సరిగ్గా కూర్చోలేదు. ఒక క్లిప్పు పట్టినట్టే కనిపిస్తుంది కానీ వెనక వైపు, కంటికి కనిపించని మూల, మూత కొక్కెం గాడిలో పడి ఉండదు. మొత్తం విప్పి, ఫిల్టర్ రబ్బరు అంచు చుట్టూ మడత లేకుండా ఉందో చూసి, వెనక కొక్కేలు ముందు దూర్చి, తర్వాతే ముందు క్లిప్పులు వేయండి. మూత తీసేటప్పుడు లాగిన గాలి గొట్టం బిగింపు, దానికి అతికి ఉండే సన్న వ్యాక్యూమ్ పైపులు కూడా చూడండి. వ్యాక్యూమ్ పైపు ఊడితే సన్నటి ఈల, దాంతో పాటు ఐడిల్ పెరగడమో ఊగడమో ఉంటుంది. ఆ సందులోంచి వెళ్లే గాలి ఫిల్టర్ కాకుండా వెళ్తుంది, మన ఎర్ర దుమ్ము రోడ్ల మీద అది ఇంజిన్‌కి మంచిది కాదు, కాబట్టి సౌండే కదా అని వదిలేయొద్దు.

పెట్టె తెరిచారు కాబట్టి ఎలుకల సంగతి కూడా చూసుకోండి. కోతల తర్వాత పొలాల నుంచి ఎలుకలు ఇళ్ల వైపు వస్తాయి, కారు వారం రోజులు కదలకపోతే ఫిల్టర్ పెట్టెలో, ఏసీ బ్లోయర్‌లో గడ్డి, కాగితాలు, వేరుశనగ తొక్కలు చేరతాయి. బ్లోయర్‌లో చేరిన తొక్కలు టపటపా కొట్టుకుంటే చాలామంది ఇంజిన్ సౌండ్ అనుకుంటారు. ఫ్యాన్ బటన్ ఆపితే సౌండ్ ఆగిపోతే అదే. వైర్లు కొరికిన గుర్తులు ఉన్నాయేమో టార్చి వేసి చూడండి.

స్పార్క్ ప్లగ్గులు మార్చాక ఫట్ ఫట్ అంటోంది, ఇంజిన్ వణుకుతోంది.

ఈ రెండూ వేరువేరు జబ్బులు కావచ్చు. ఫట్ ఫట్, చఫ్ చఫ్ అని గాలి కక్కుతున్నట్టు ఉంటే ప్లగ్గు వదులుగా ఉంది, సిలిండర్ లోపలి ఒత్తిడి మర చుట్టూ బయటికి వస్తోంది. నడపొద్దు, అల్యూమినియం హెడ్‌లో మర చెడిపోతే ఖర్చు చాలా దూరం వెళ్తుంది. ఇంజిన్ పూర్తిగా చల్లారాక మళ్లీ విప్పి, చేత్తోనే మర పట్టించి, వాషర్ ఉన్న కొత్త ప్లగ్గయితే చేతి బిగింపు తర్వాత సగం చుట్టు పైన కొంచెం బిగించండి. టార్క్ పానా ఉంటే మాన్యువల్‌లో ఉన్న అంకె పెట్టుకోవడం ఇంకా మంచిది.

వణుకు, పికప్ లేకపోవడం ఉంటే మిస్సింగ్. ప్లగ్గుకి కరెంటు ఇచ్చే కాయిల్ కనెక్టర్ టక్కుమని లాక్ పడే దాకా నొక్కలేదేమో చూడండి, సగం కేసులు అక్కడే. ప్లగ్గు చేతిలోంచి జారి కింద పడి ఉంటే పైకి బాగానే కనిపించినా లోపల పింగాణీ పగిలి ఉండొచ్చు, పడిన ప్లగ్గు వేయొద్దు. మూడు సిలిండర్ల కార్లు ఐడిల్‌లో కాస్త ఎక్కువగానే అదురుతాయి, ముందు నుంచీ ఉన్న అదురుని కొత్త జబ్బనుకుని ప్లగ్గులు మళ్లీ మళ్లీ విప్పొద్దు.

కీచుమని సౌండ్. బెల్టేనా?

చాలావరకు బెల్టే. ఇంజిన్ నడుస్తుండగా, చెయ్యి దూరంగా ఉంచి, స్ప్రే సీసాతో బెల్టు గీతల వైపు కొంచెం నీళ్లు కొట్టండి. సౌండ్ కాసేపు ఆగి నీళ్లు ఆరాక మళ్లీ వస్తే బెల్టు వరస తప్పింది, పుల్లీ గాడిలో ఒక గీత పక్కకి కూర్చుని ఉండొచ్చు, బెల్టు మీరే వేసి ఉంటే తప్పక చూడండి. నీళ్లు పడగానే సౌండ్ ఇంకా గట్టిగా అయితే బెల్టు వదులుగా ఉండి జారుతోంది. ఆయిల్ మార్చేటప్పుడో కూలెంట్ పోసేటప్పుడో బెల్టు మీద చుక్కలు పడినా కీచుమంటుంది. రబ్బరు ఆయిల్ పీల్చుకుంటే తుడిచినా బాగుపడదు, మార్చేయాలి. బెల్టుకి పూసే స్ప్రేలు వాడొద్దు, జబ్బు దాచడానికి తప్ప ఎందుకూ పనికిరావు.

కీచు కాకుండా గరగరమని రుబ్బురోలు తిప్పినట్టు ఉంటే పుల్లీ, ఆల్టర్నేటర్, వాటర్ పంపు బేరింగులు. ఇంజిన్ ఆపి బెల్టు తీసి ఒక్కొక్క పుల్లీని చేత్తో తిప్పితే ఏది గరుకుగా ఉందో వేళ్లకి తెలిసిపోతుంది.

60 దాటాకే కింద దడదడ అంటోంది, ఇంటి దగ్గర ఎంత రేజ్ చేసినా రాదు.

ఇది నాకే జరిగింది కాబట్టి బాగా తెలుసు. ఆయిల్ మార్చి రెండు రోజుల తర్వాత విజయనగరం నుంచి శ్రీకాకుళం వెళ్తుంటే నాతవలస దాటాక కింద నుంచి రేకు కొట్టుకున్నట్టు దడదడ. స్పీడు తగ్గిస్తే తగ్గుతోంది. గేర్‌బాక్స్ పోయిందేమో అనుకున్నాను, ఆ రాత్రి నిద్ర పట్టలేదు. తెల్లారి కిందకి వంగి చూస్తే ఇంజిన్ కింద ఉండే ప్లాస్టిక్ అట్ట ముందు వైపు రెండు క్లిప్పులు లేవు. ఆయిల్ బోల్టు కోసం ఆ అట్ట నేనే విప్పాను, పెట్టేటప్పుడు చీకటి పడిందని ముందు క్లిప్పులు రేపు పెడదాంలే అనుకుని వదిలేశాను. గాలి లోపలికి దూరి అట్టని డోలు కొట్టినట్టు కొట్టింది. ఆ అట్ట పూర్తిగా ఊడి చక్రం కింద పడితే ప్రమాదం, కాబట్టి క్లిప్పు విరిగితే కొత్తది వేయండి, తాడుతో, బైండింగ్ వైరుతో కట్టి హైవే ఎక్కొద్దు.

అట్ట సరిగ్గానే ఉంటే సైలెన్సర్ పైన వేడి ఆపడానికి ఉండే పల్చటి రేకు చూడండి. కళింగపట్నం, బారువ, భోగాపురం లాంటి సముద్రం పక్క ఊళ్లలో ఉండే కార్లకి ఉప్పు గాలికి ఆ రేకు బోల్టుల దగ్గర తుప్పు పట్టి వదులవుతుంది. జాకీ ఎత్తినప్పుడు తగిలినా అంతే. ఒక నిర్దిష్టమైన ఆర్‌పీఎం దగ్గర మాత్రమే జిర్రుమంటుంది, ముందూ వెనకా ఏమీ ఉండదు. సైలెన్సర్ చల్లగా ఉన్నప్పుడు పిడికిలితో మెల్లగా తడితే అదే సౌండ్ వినిపిస్తుంది.

కూలెంట్ మార్చాక డాష్‌బోర్డు వెనక గుడగుడ అంటోంది.

లోపల గాలి ఉండిపోయింది. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడే మూత తీసి, హీటర్ పూర్తిగా వేడి వైపు తిప్పి, ఇంజిన్ నడుపుతూ బుడగలు ఆగే దాకా కూలెంట్ నింపాలి. కొన్ని కార్లలో గాలి వదలడానికి వేరే స్క్రూ ఉంటుంది. వేడి ఇంజిన్ మీద మూత ఎప్పుడూ తీయొద్దు, ముఖం కాలిపోతుంది. బోరు నీళ్లు కలపొద్దు, లోపల సున్నం పేరుకుంటుంది.

మాది డీజిల్. ఫ్యూయల్ ఫిల్టర్ మార్చాక గట్టిగా కొడుతోంది.

గొట్టాల్లో గాలి చేరి ఉంటుంది. చేతి పంపు ఉన్న కారయితే అది గట్టిపడే దాకా నొక్కి, గొట్టాల క్లిప్పులు చూసి మళ్లీ స్టార్ట్ చేయండి. కొంచెంసేపట్లో సర్దుకుంటుంది. సర్దుకోకపోతే ఏదో కీలు దగ్గర గాలి పీలుస్తోంది. ఇంజెక్టర్ల వైపు వెళ్లే గట్టి ఇనుప పైపులు మాత్రం విప్పొద్దు, కామన్ రెయిల్ డీజిళ్లలో ఆ పైపుల్లో ఒత్తిడి చర్మాన్ని చీల్చేంత ఉంటుంది. అది ఇంట్లో చేసే పని కాదు.

బ్యాటరీ తీసి పెట్టాక ఇంజిన్ హోరుగా నడుస్తోంది.

బ్యాటరీ తీస్తే కంప్యూటర్ నేర్చుకున్న ఐడిల్ లెక్క కొన్ని కార్లలో చెరిగిపోతుంది. ఏసీ, లైట్లు ఆపి పదిహేను నిమిషాలు ఐడిల్‌లో ఉంచి, తర్వాత మామూలుగా కొంత దూరం నడిపితే చాలావాటిలో సర్దుకుంటుంది. ఇంజిన్‌లోకి వెళ్లే గాలిని పెంచి తగ్గించే థ్రాటిల్ బాడీ శుభ్రం చేశాక కూడా ఇలాగే ఉంటుంది.

ఆయిల్‌లో ఏదైనా మందు పోస్తే సౌండ్ పోతుందా?

పోయినా పోసి ఉపయోగం లేదు. సౌండ్ మనకి కబురు చెబుతోంది, కారణం తెలియకుండా దాని నోరు మూసేస్తే తర్వాత చెప్పడానికి ఏమీ మిగలదు.

మెకానిక్ దగ్గరకు వెళ్తే ఏం చెప్పాలి? ఇంట్లో చేశానంటే కోప్పడతారేమో.

కోప్పడినా సరే, అంతా చెప్పండి. ఏ రోజు చేశారు, ఏ ఆయిల్ ఎంత పోశారు, ఏ ఫిల్టర్, ఏం విప్పారు, ఆ తర్వాత ఎన్ని కిలోమీటర్లు నడిపారు, సౌండ్ ఎప్పుడెప్పుడు వస్తోంది. రాసుకున్న కాగితం ఆయన చేతికే ఇవ్వండి, రికార్డింగు వినిపించండి. దాచిపెడితే ఆయన మొదటి నుంచి వెతకాలి, ఆ టైముకి మీరే డబ్బు కట్టాలి, పైగా అక్కర్లేని పార్టులు మార్చే ప్రమాదం ఉంది. వారంటీలో ఉన్న కారయితే ఆయిల్, ఫిల్టర్ల బిల్లులు, తేదీ, మీటరు రీడింగు దాచుకోండి, వారంటీ పుస్తకంలో సర్వీస్ గురించి ఏం రాసి ఉందో పని మొదలుపెట్టక ముందే చదవండి.

పలాస, ఇచ్ఛాపురం వైపు ఉండి, పెద్ద షెడ్డు కోసం శ్రీకాకుళం దాకా వెళ్లాలనుకుంటే, ఎర్ర దీపం కానీ లోతైన ధబ్ ధబ్ కానీ ఉన్నప్పుడు ఆ దూరం నడపొద్దు. లాగించే ఖర్చు ఎంతయినా ఇంజిన్ విప్పే ఖర్చులో చిన్న ముక్కే.

అంతా సరిచేశాక ఎన్నాళ్లు కనిపెట్టుకుని ఉండాలి?

ఆ రాత్రి ఇంజిన్ కింద శుభ్రమైన అట్టపెట్టె ముక్క పరిచి పడుకోండి, పొద్దున్న చుక్కలు ఎక్కడ పడ్డాయో అదే చెబుతుంది. నల్లగా, బంగారు రంగుగా ఉంటే ఆయిల్, పచ్చగానో గులాబీ రంగుగానో ఉంటే కూలెంట్, ఉత్త నీళ్లయితే ఏసీది. తెల్లారి స్టార్ట్ చేయక ముందే లెవెల్ చూడండి. మొదటి యాభై కిలోమీటర్లు ఊరి చుట్టుపక్కలే తిప్పి, మళ్లీ డ్రెయిన్ బోల్టు, ఫిల్టర్ చుట్టూ పొడి గుడ్డతో తుడిచి తడి ఉందేమో చూడండి. గుడ్డ పొడిగా ఉండి, లెవెల్ కదలకుండా ఉంటే, అరసవల్లికో రామతీర్థానికో ఇంటిల్లిపాదినీ ఎక్కించుకుని వెళ్లొచ్చు.